కిల్న్ డిస్‌ప్లే తప్పు చూపిస్తుంటే ఏది మార్చాలి, ఏది మార్చక్కర్లేదు

కుండలు కాల్చే నా కిల్న్ (కొలిమి) డిస్‌ప్లే మీద 1222 డిగ్రీల సెల్సియస్ వచ్చింది, కిల్న్ తనంతట తనే ఆగింది. మర్నాడు మధ్యాహ్నం మూత తీసేసరికి కింది షెల్ఫ్ మీదున్న పన్నెండు మగ్గుల్లో ఏడు అతుక్కుపోయి ఉన్నాయి. గ్లేజ్ (మట్టి మీద వేసే గాజు పూత) మగ్గుల పాదాలు దాటి కారి షెల్ఫ్ మీద మడుగులు కట్టింది. అది కోన్ 6 ఫైరింగ్. కోన్ అంటే తగినంత వేడి తగిలాక వంగే చిన్న శంకువు, 6 కంటే 8 వంగడానికి ఎక్కువ వేడి కావాలి. ఒక మూలన ఊరికే పెట్టిన కోన్ 8 కూడా పూర్తిగా వంగి పడుకుంది. అంటే కంట్రోలర్ (వేడి చూసి కిల్న్‌ని నడిపే, ఆపే పెట్టె) 1222 అని చెబుతున్న సమయానికి లోపల వేడి 1250 దాటిపోయింది.

అసలు కారణం దొరికేలోపు నేను కొత్త థర్మోకపుల్ (కిల్న్ లోపల వేడిని కొలిచే సెన్సర్) కొన్నాను. తర్వాత కొత్త కంట్రోలర్ కూడా కొన్నాను. రెండూ అక్కర్లేదు. అంతకు నెల ముందు, థర్మోకపుల్ నుంచి కంట్రోలర్ దాకా వెళ్లే కేబుల్ కాలిపోతే, వచ్చిన ఎలక్ట్రీషియన్ మామూలు రాగి వైరు వేసి వెళ్లాడు. "వైరు వైరే కదా మేడమ్" అన్నాడు. నేనూ సరే అన్నాను. ఆ ఒక్క వైరు వల్ల దాదాపు 40, 50 డిగ్రీల తేడా వచ్చింది. ఎందుకు వచ్చిందో కింద చెబుతాను.

మట్టి పని చేసేవాళ్లు ఎవరైనా "కిల్న్ టెంపరేచర్ తప్పు చూపిస్తోంది, ఏ సెన్సర్ కొనమంటారు?" అని అడిగితే నాకు భయమేస్తుంది. ఆ ప్రశ్న రెండో మెట్టు. మొదటి మెట్టు, తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం. అది సెన్సర్‌లో ఉండొచ్చు, కేబుల్‌లో ఉండొచ్చు, కంట్రోలర్ సెట్టింగులో ఉండొచ్చు. సెన్సర్ కొస ఎక్కడ నిలబడిందన్న దాంట్లోనూ ఉండొచ్చు. ఒక్కోసారి అసలు తప్పే ఉండదు, వేడి చేసే పని గురించి మన లెక్కే తప్పవుతుంది.

ముందు దేంతో సరిచూడాలి

సరిచూడ్డానికి నాలుగు దార్లున్నాయి: కోన్లు, ఇంకో థర్మోకపుల్, ఇన్‌ఫ్రారెడ్ గన్, మన కన్ను. నా ఓటు కోన్లకే. అందుకు బలమైన కారణం ఉంది.

థర్మోకపుల్ చెప్పేది ఆ క్షణంలో, ఆ ఒక్క చోట ఉన్న ఉష్ణోగ్రత. మట్టికీ గ్లేజ్‌కీ కావాల్సింది అదొక్కటే కాదు. ఎంత వేడి ఎంతసేపు తగిలిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పప్పు మాదిరే, మంట ఒకటే అయినా పది నిమిషాలు ఉడికింది వేరు, అరగంట ఉడికింది వేరు. కోన్ కూడా గ్లేజ్ లాంటి ఖనిజాల మిశ్రమమే కాబట్టి అది కొలిచేది ఆ మొత్తం పనిని. జర్మనీలో హెర్మన్ సెగర్ 1886లో వీటిని తయారుచేశాడు. అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ 1896లో ఒహాయోలో మొదలుపెట్టిన కోన్లే ఇప్పుడు మనం ఎక్కువగా వాడుతున్నవి. ఆర్టన్ పట్టిక ప్రకారం చివరి వంద డిగ్రీలు గంటకు 60 చొప్పున ఎక్కితే కోన్ 6 వంగేది 1222 దగ్గర. గంటకు 150 చొప్పున ఎక్కితే అదే కోన్ 1243 దాకా నిలబడుతుంది. కోన్ అదే, తేడా 21 డిగ్రీలు. గంటకు 150 వేగంతో ఎక్కించి, 1222 దగ్గర ఆపి, "కోన్ వంగలేదు, సెన్సర్ చెడిపోయింది" అని కొత్త సెన్సర్ కొన్నవాళ్లు నాకు తెలుసు. పాపం, ఆ సెన్సర్ నిజమే చెప్పింది.

అందుకని మొదటి ఫైరింగ్ ఇలా చేయండి. పై షెల్ఫ్, మధ్య షెల్ఫ్, కింది షెల్ఫ్, మూడు చోట్లా కోన్ 5, 6, 7 వరసగా పెట్టండి. తనంతట నిలబడే రకం కోన్లయితే అలాగే పెట్టేయొచ్చు. మట్టి ముద్దలో గుచ్చే రకమైతే ఆ ముద్ద బాగా ఆరాలి, లేకపోతే అది పేలి పక్కనున్న గిన్నెలన్నిటి మీదా ముక్కలు పడతాయి. థర్మోకపుల్ ఉన్న ఎత్తులో ఒక ప్యాక్ (మూడు కోన్ల వరస) తప్పనిసరిగా ఉండాలి. చివరి వంద డిగ్రీలు గంటకు 60 చొప్పున ఎక్కేలా ప్రోగ్రామ్ పెట్టండి. చివర్లో హోల్డ్ (అదే వేడి దగ్గర కాసేపు నిలపడం) వద్దు.

మూత తీశాక మూడు ప్యాకులూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడు చోట్లా 5 పడుకుని, 6 కొస నేలకు తగిలి, 7 నిటారుగా ఉంటే మీ సెన్సర్ మంచిదే, అక్కడితో ఆగండి. మూడు చోట్లా 7 కూడా వంగిందంటే కిల్న్ నిజంగానే ఎక్కువ వేడెక్కింది. గంటకు 60 వేగం దగ్గర 6కీ 7కీ మధ్య దూరం 17 డిగ్రీలే, 5కీ 6కీ మధ్య 36. కాబట్టి 7 కొద్దిగా వంగడం చిన్న తప్పు, 6 అసలు కదలకపోవడం పెద్ద తప్పు. పైన 7 వంగి కింద 6 నిలబడితే మాత్రం అది సెన్సర్ సమస్య కాదు. కిల్న్‌లో వేడి సమంగా లేదు. సర్దే పద్ధతి, కింది ఎలిమెంట్లు (వేడినిచ్చే తీగచుట్లు), మూత సందు, వీటిని చూసుకోవాలి. ఎంత ఖరీదైన సెన్సర్ పెట్టినా అది పోదు.

కోన్‌తో ఒక ఇబ్బంది ఉంది. ఒకసారి వాడితే అయిపోతుంది, మనకు తెప్పించుకునే ఖర్చూ ఎక్కువే. అయినా ఏడు మగ్గులు, ఒక షెల్ఫ్ పోగొట్టుకున్న దాంతో పోలిస్తే అది ఖర్చే కాదు. ఇప్పుడు నా ప్రతి గ్లేజ్ ఫైరింగ్‌లో కనీసం ఒక కోన్ 6 ఉంటుంది.

ఇంకో థర్మోకపుల్‌తో పోల్చడం రెండో మంచి దారి. కోన్ చివర్లో ఏం జరిగిందో మాత్రమే చెబుతుంది. రెండో సెన్సర్ దారి పొడవునా చెబుతుంది. 300 దగ్గర తేడా ఎంత, 600 దగ్గర ఎంత, 1000 దగ్గర ఎంత అన్నది రాసుకుంటే తప్పు ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. చేత్తో పట్టుకునే డిజిటల్ మీటర్‌కి తగిలించి, కొసను పాత సెన్సర్ కొసకు వేలెడు దూరంలో నిలపాలి. మూత సందులోంచి దూర్చి, ఎక్కడో మూలన వేలాడదీసి పోలిస్తే మీరు పోల్చేది రెండు చోట్ల వేడిని, రెండు సెన్సర్లను కాదు. కొత్త కె టైప్ (నికెల్ మిశ్రమాల తీగలున్న మామూలు రకం) సెన్సర్ ఒకటి కొని, ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కాలిబ్రేట్ చేయించి, అంటే అది ఎంత తేడా చూపిస్తోందో కొలిపించి, దాన్ని సరిచూడ్డానికి మాత్రమే వాడుకోవడం స్టూడియో నడిపేవాళ్లకు మంచి పెట్టుబడి.

ఇన్‌ఫ్రారెడ్ గన్ వద్దు. బజార్లో మామూలుగా దొరికేవి ఐదారు వందల డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. అంతకు పైకి కొలిచేవి ఉన్నా చిన్న కన్నంలోంచి చూసి సరిగ్గా కొలవడం కష్టం, గ్యాస్ కిల్న్ అయితే మధ్యలో మంట అడ్డం.

ఇక కన్ను. మన కుమ్మరుల ఆవం ఎన్ని తరాలుగానో కంటితోనే నడుస్తోంది. ఎర్రమట్టి కుండలకు కావాల్సిన ఏడెనిమిది వందల డిగ్రీల దగ్గర ఎరుపు రంగు స్పష్టంగా మారుతూ కనిపిస్తుంది. అనుభవమున్న కన్ను అక్కడ మోసపోదు. 1200 దాటాక లోపలంతా పసుపు తెలుపు కలిసిన ఒకే వెలుగు. అక్కడ 20 డిగ్రీల తేడాని ఏ కన్నూ పట్టలేదు. పైగా అద్దం లేకుండా చూస్తే కళ్లకే ప్రమాదం. కనీసం వెల్డింగ్ అద్దాలైనా పెట్టుకోండి.

పైసా ఖర్చు లేని పరీక్షలు

కోన్లు తప్పుందని తేల్చాక కూడా వెంటనే దుకాణానికి వెళ్లొద్దు. మెయిన్ ఎంసీబీ ఆపి, కిల్న్ పూర్తిగా చల్లారాక, ఒక గంట వీటికి కేటాయించండి. కంట్రోలర్‌కి కరెంటు ఇచ్చి చూడాల్సిన పరీక్ష ఒకటుంది. అప్పుడు ఎలిమెంట్ల లైను ఆపి ఉంచాలి. ఆ పని తెలియకపోతే తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి.

మొదట కంట్రోలర్. దాని వెనక థర్మోకపుల్ వైర్లు రెండూ విప్పి, ఆ రెండు టెర్మినల్స్‌నీ చిన్న రాగి తీగ ముక్కతో కలపండి. ఇప్పుడు కంట్రోలర్ ఆన్ చేస్తే గది ఉష్ణోగ్రతో, దానికి నాలుగైదు డిగ్రీలు ఎక్కువో చూపించాలి. అలా చూపిస్తే కంట్రోలర్ దాదాపు మంచిదే. గదిలో 34 ఉంటే అది 60 చూపిస్తోందా? ఎవరో ఆఫ్‌సెట్ (రీడింగ్‌కి కలిపే సవరణ అంకె) పెట్టి ఉండొచ్చు, లేదా లోపలి సర్క్యూట్ పాడై ఉండొచ్చు. నేనీ పరీక్ష ముందే చేసుంటే కొత్త కంట్రోలర్ కొనేదాన్ని కాదు.

తర్వాత సెట్టింగు. మెనూలో సెన్సర్ రకం ఏం పెట్టి ఉందో చూడండి. పవర్ పోయి వచ్చినప్పుడో, ఎవరైనా రీసెట్ నొక్కినప్పుడో ఇది మారిపోవచ్చు. ఎస్ టైప్ (ప్లాటినం తీగల) సెన్సర్ బిగించి, కంట్రోలర్‌లో కె టైప్ అని ఉంటే చాలా ప్రమాదం. ఎస్ టైప్ 1000 డిగ్రీల దగ్గర ఇచ్చేది దాదాపు 9.6 మిల్లీవోల్టులు, కె టైప్ ఇచ్చేది 41కి పైన. కంట్రోలర్ ఆ 9.6 చూసి "ఇంకా 250 దగ్గరే ఉంది" అనుకుంటుంది, ఎలిమెంట్లను ఆపదు. లోపల ఎర్రగా వెలుగుతుంటే డిస్‌ప్లే మూడొందలు కూడా దాటలేదంటే ఆలోచించకుండా మెయిన్ ఆపేయండి.

మూడోది కేబుల్, నన్ను ముంచింది ఇదే. థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహాల తీగలు. ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉంటే వాటి మధ్య చిన్న వోల్టేజీ పుడుతుంది. థామస్ సీబెక్ 1821లో కనిపెట్టిన సంగతి ఇది. ఆ చల్లని కొస కంట్రోలర్ దగ్గర ఉందనుకుని లెక్క కడతారు. అందుకే సెన్సర్ హెడ్ (కిల్న్ బయట సెన్సర్ తీగలు బిగించే చోటు) నుంచి కంట్రోలర్ దాకా ఆ సెన్సర్ తీగలతో సమానంగా వోల్టేజీ ఇచ్చే లోహాలతో చేసిన కాంపెన్సేటింగ్ కేబుల్ వేయాలి. మధ్యలో రాగి వైరు వేస్తే చల్లని కొస కిల్న్ పక్కనున్న హెడ్ దగ్గరే ఆగిపోతుంది. ఆ హెడ్ 80 డిగ్రీల దాకా వేడెక్కి, గోడమీది కంట్రోలర్ 35 దగ్గర ఉంటే ఆ 45 డిగ్రీలు లెక్కలోంచి మాయమవుతాయి. డిస్‌ప్లే అంత తక్కువ చూపిస్తుంది, కిల్న్ అంత ఎక్కువ కాలుతుంది. ఇంకో బాధ ఏంటంటే, ఈ తప్పు ఫైరింగ్ మొదట్లో కనిపించదు. హెడ్ వేడెక్కే కొద్దీ పెరుగుతుంది. వేసవిలో ఒకలా, చలికాలంలో ఒకలా ఉంటుంది.

కేబుల్ రంగుల దగ్గర కూడా జాగ్రత్త. కె టైప్‌కి అమెరికన్ పద్ధతిలో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఐఈసీ (అంతర్జాతీయ) పద్ధతిలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. ఎరుపు కనిపిస్తే ప్లస్ అనుకోవడం కరెంటు పని చేసేవాళ్లకు అలవాటు, ఇక్కడ అది తిరగబడుతుంది. ఒక్క చోట తిరగబడితే కిల్న్ వేడెక్కుతుంటే డిస్‌ప్లే తగ్గుతూ పోతుంది, వెంటనే దొరికిపోతుంది. కేబుల్ రెండు కొసల దగ్గరా తిరగబడితే అంకె మామూలుగానే పెరుగుతుంది, కానీ హెడ్‌కీ కంట్రోలర్‌కీ మధ్య తేడాకి దాదాపు రెట్టింపు తక్కువ చూపిస్తుంది. ఏ తీగ ఏదో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడండి. కె టైప్‌లో మైనస్ తీగకు అయస్కాంతం కొద్దిగా అంటుతుంది, ప్లస్ తీగకు అంటదు.

నాలుగోది, కొస ఎక్కడుంది. సెన్సర్ కొస గోడ ఇటుక దాటి కనీసం రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి రావాలి. మూత మూస్తూ తీస్తూ ఉంటే, సర్దేటప్పుడు చేయి తగిలితే అది వెనక్కి జరుగుతుంది. ఇటుకలో దాక్కున్న కొస ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. కొస ఎదురుగా షెల్ఫ్ అంచు వచ్చినా అంతే, ఆ షెల్ఫ్ వేడెక్కేదాకా సెన్సర్‌కి అసలు సంగతి తెలియదు. ఎలిమెంట్‌కి మరీ దగ్గరైతే ఎక్కువ చూపిస్తుంది. సెరామిక్ ట్యూబు తొడిగిన సెన్సర్ ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది, వేగంగా ఎక్కించే ఫైరింగ్‌లో మరీను.

అంకె గంతులేస్తుంటే, అంటే 840, 861, 833 అలా మారిపోతుంటే ముందు స్క్రూలు బిగించండి, తుప్పు గీకండి. కాంటాక్టర్ (ఎలిమెంట్లకు కరెంటు కలిపి ఆపే స్విచ్చు) టక్కుమన్నప్పుడల్లా గంతేస్తుంటే సెన్సర్ కేబుల్ పవర్ కేబుల్‌ని ఆనుకుని వెళ్తోందని అర్థం. దాన్ని విడదీసి వేరే దారిన తీసుకెళ్లండి. డిస్‌ప్లే మీద ఓపెన్ అని వస్తే సెన్సర్ తెగినట్టే, అక్కడ ఆలోచించడానికేం లేదు.

రెండు సందర్భాల్లో డిస్‌ప్లేని అనుమానించొద్దు. సెట్ చేసిన దానికంటే అంకె పైకి పోతూనే ఉంటే అది నిజమే అయ్యుంటుంది. ఎస్ఎస్ఆర్ (కాంటాక్టర్ పనే చేసే ఎలక్ట్రానిక్ స్విచ్చు) షార్ట్ అయ్యో, కాంటాక్టర్ అతుక్కుపోయో కరెంటు ఆగట్లేదు, వెంటనే మెయిన్ ఆపండి. అలాగే అంకె 1150 దగ్గర ఆగి కదలకపోతే అది ఎక్కువగా సెన్సర్ తప్పు కాదు, వేడే చాలట్లేదు. వోల్టేజీ 230 నుంచి 200కి పడితే ఎలిమెంట్ ఇచ్చే వేడి నాలుగింట మూడొంతులకి పడిపోతుంది. పాతబడిన ఎలిమెంట్లు కూడా అంతే. క్లాంప్ మీటర్‌తో ఆంపియర్లు కొలిస్తే తేలిపోతుంది.

ఆఫ్‌సెట్టా, కొత్త కె టైపా, ఎస్ టైపా

ఇవన్నీ చూశాక కూడా తప్పు మిగిలితే, అదీ ఫైరింగ్ ఫైరింగ్‌కీ కొద్దికొద్దిగా పెరుగుతుంటే, సెన్సర్ ముసలిదైపోయిందని ఒప్పుకోవచ్చు. కె టైప్‌కి ఇది సహజం. అందులో ఒక తీగలో నికెల్, క్రోమియం, ఇంకోదాంట్లో నికెల్‌తో పాటు కొద్దిగా అల్యూమినియం, మాంగనీసు, సిలికాన్ ఉంటాయి. ఎక్కువ వేడిలో అవి ఆక్సీకరణం చెంది మిశ్రమమే మారిపోతుంది. కుండల కిల్న్‌లో ఎక్కువగా అది తక్కువ చూపించే వైపే జరుగుతుంది, అంటే కిల్న్ ఎక్కువ కాలుతుంది.

చౌకైన దారి ఆఫ్‌సెట్. కోన్లు 15 డిగ్రీలు ఎక్కువైందని చెబితే ఆ 15 తగ్గించుకోవడం. ఇది రెండు రకాలుగా చేయొచ్చు. కంట్రోలర్ మెనూలో ఇన్‌పుట్‌కే 15 కలపడం ఒకటి, ప్రోగ్రామ్‌లో చివరి ఉష్ణోగ్రతను 1222 బదులు 1207 పెట్టడం ఇంకొకటి. నేను రెండోదే చేస్తాను. మెనూలో కలిపిన అంకె 1222 దగ్గర సరిపోయినా, మట్టిలోని క్వార్ట్జ్ రూపం మారే 573 దగ్గర, బిస్క్ (గ్లేజ్ వేయకముందు చేసే మొదటి ఫైరింగ్) ఆగే 1000 దగ్గర అదే తప్పు ఉందన్న నమ్మకం లేదు. పైగా అది మెనూలో దాక్కుని ఉంటుంది. ఆరు నెలల తర్వాత కొత్త సెన్సర్ బిగించినప్పుడు దాన్ని తీసేయాలని ఎవరికీ గుర్తుండదు. ప్రోగ్రామ్‌లో 1207 అని ఉంటే కళ్లకు కనబడుతూనే ఉంటుంది.

ఆఫ్‌సెట్ ఎంతవరకు వాడొచ్చు? తేడా 20 డిగ్రీల లోపు ఉండి, మూడు నాలుగు ఫైరింగ్‌లలో మారకుండా ఉంటే హాయిగా వాడండి. మారుతూ పోతుంటే వద్దు. పరిగెత్తే దాని వెనక మీరు పరిగెత్తాల్సి వస్తుంది.

కొత్త కె టైప్ కొనేటప్పుడు దుకాణంలో "1200 వరకు పనిచేస్తుంది" అంటే చాలదు. తీగ మందం అడగండి. మూడు మిల్లీమీటర్ల పైన మందమున్న తీగ సన్నదాని కంటే చాలా ఎక్కువ కాలం నిలకడగా ఉంటుంది. నా కిల్న్‌లో అలాంటిది యాభై అరవై కోన్ 6 ఫైరింగ్‌ల దాకా బాగా నడిచింది. మామూలు స్టీలు తొడుగుతో చౌకగా వచ్చేవి ఒవెన్లకు, తక్కువ వేడి పనులకు. కోన్ 6కి అవి పనికిరావు, తొడుగు పొలుసులు పొలుసులుగా రాలి కుండల మీద పడుతుంది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి, కొత్తది కాబట్టి సరైనదని కాదు. కె టైప్ క్లాస్ 2 సెన్సర్‌కి 0.75 శాతం వరకు తేడా ప్రమాణాల ప్రకారమే అనుమతి. 1200 దగ్గర అది 9 డిగ్రీలు, అటైనా ఇటైనా. అంటే ఒకే పెట్టెలోంచి తీసిన రెండు కొత్త సెన్సర్లు 18 డిగ్రీలు తేడా చూపినా రెండూ నిబంధనకు లోబడే ఉన్నట్టు. క్లాస్ 1 అయితే 0.4 శాతం, 1000 దగ్గర 4 డిగ్రీలు. ధరలో తేడా పెద్దగా లేకపోతే క్లాస్ 1 అడిగి తీసుకోండి.

ఎస్ టైప్‌లో ఒక తీగ ప్లాటినం, ఇంకోటి పది శాతం రోడియం కలిసిన ప్లాటినం. క్లాస్ 2 అయినా 1222 దగ్గర తేడా 3 డిగ్రీలే, ఏళ్ల తరబడి నిలకడగా ఉంటుంది. ధర మాత్రం ప్లాటినం ధరే, కె టైప్ వందల్లోనో వెయ్యి రెండు వేలల్లోనో వస్తే ఇది పదివేలు దాటిపోతుంది. ఖర్చు అక్కడితో ఆగదు. కేబుల్ కూడా ఎస్ టైప్‌ది వేయాలి, కె టైప్ కేబుల్‌తో కలపకూడదు. కంట్రోలర్ ఎస్ టైప్‌ని చదవగలదో లేదో చూడాలి, సెట్టింగు మార్చాలి. తొడుగు మంచి అల్యూమినా ట్యూబే అయ్యుండాలి. లోహపు ఆవిరి తగిలితే ప్లాటినం పాడవుతుంది కాబట్టి స్టీలు గొట్టంలో పెట్టకూడదు. ఆ ట్యూబు పెళుసు, సర్దేటప్పుడు షెల్ఫ్ తగిలిందంటే విరుగుతుంది. పిల్లలకు నేర్పించే చోట, పదిమంది చేతులు పడే కిల్న్‌లో నేనైతే పెట్టను.

మధ్యలో ఎన్ టైప్ అని ఒకటుంది. కె టైప్‌లోని ఈ జారుడు గుణాన్ని తగ్గించడానికే తయారుచేసిన మిశ్రమం, ధర కూడా ప్లాటినం అంత కాదు. కానీ అన్ని దుకాణాల్లో దొరకదు, దానికీ కేబుల్ వేరు, సెట్టింగు వేరు. ఆదివారం రాత్రి తెగిపోతే సోమవారం పొద్దున దొరికే సెన్సర్ కావాలనుకుంటే కె టైపే.

పాత సెన్సర్‌ని తీసి ల్యాబ్‌కి పంపి కాలిబ్రేట్ చేయిద్దామని కొందరు అనుకుంటారు. నేను వద్దంటాను. వోల్టేజీ పుట్టేది కొసలో అని మనం అనుకుంటాం. నిజానికి అది వేడి చోటు నుంచి చల్లని చోటు దాకా తీగ పొడవునా పుడుతుంది. పాత తీగలో ఒక్కో ముక్క ఒక్కోలా పాడై ఉంటుంది. ల్యాబ్ ఫర్నేస్‌లో దాన్ని వేరే లోతులో పెడితే వేరే తప్పు చూపిస్తుంది, ఆ కాగితం మీ కిల్న్‌లో చెల్లదు. ఐసు నీళ్లలో ముంచి సున్నా వచ్చిందని సంబరపడ్డా అంతే. ఐసు పరీక్ష కేబుల్‌నీ కంట్రోలర్‌నీ నిలదీస్తుంది కానీ 1200 దగ్గర జరిగే తప్పు దానికి దొరకదు.

ఎవరికి ఏది

బిస్క్, ఎర్రమట్టి బొమ్మలు, కోన్ 06, 04 లాంటి తక్కువ వేడి గ్లేజులు మాత్రమే చేసేవాళ్లకు మంచి కె టైప్ చాలు. 1000, 1060 దగ్గర అది చాలా కాలం నిజాయితీగా ఉంటుంది. ఎస్ టైప్ డబ్బుతో రెండు షెల్ఫులు కొనుక్కోండి.

ఎలక్ట్రిక్ కిల్న్‌లో కోన్ 6 చేసేవాళ్లు, మనలో ఎక్కువమంది ఇదే, మందం తీగ కె టైప్ ఒకటి బిగించుకుని ఇంకోటి అలమరాలో పెట్టుకోండి. ప్రతి ఫైరింగ్‌లో కోన్ పెట్టండి. కోన్ వంగే తీరు మారడం మొదలవగానే కొత్తది వేసేయండి. వారానికి మూడు నాలుగు ఫైరింగ్‌లు, ఆర్డర్ల టెన్షన్, ఒకే రంగు వందసార్లు రావాలనే పని ఉంటే అప్పుడు ఎస్ టైప్ తన డబ్బు తాను రాబట్టుకుంటుంది.

గ్యాస్ కిల్న్‌లో కోన్ 10, రిడక్షన్ (లోపల ఆక్సిజన్ తగ్గించి కాల్చడం) చేసేవాళ్ల లెక్క వేరు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలిలో, 800 నుంచి 1050 డిగ్రీల మధ్య కె టైప్‌లోని క్రోమియం ఒక్కటే ఆక్సీకరణం చెంది తీగ మీద ఆకుపచ్చ పొర వస్తుంది. దీన్ని గ్రీన్ రాట్ అంటారు. రీడింగ్ చాలా కిందికి పడిపోతుంది. మీ పాత సెన్సర్ తీగ మీద ఆ ఆకుపచ్చ పొర కనిపిస్తే ఆఫ్‌సెట్ గురించి ఆలోచించొద్దు, పారేయండి. ఇక్కడ మూసిన కొస ఉన్న అల్యూమినా ట్యూబులో ఎస్ టైప్ సరైన ఎంపిక. అది కుదరకపోతే కె టైప్‌ని వేడి ఎంత వేగంగా ఎక్కుతోందో చూసుకోవడానికి మాత్రమే వాడి, ఎప్పుడు ఆపాలన్నది స్పై హోల్ (లోపలికి చూసే కన్నం) ఎదుట పెట్టిన కోన్లకే వదిలేయండి.

ఏ సెన్సర్ వేసినా కొత్తదానితో మొదటి ఫైరింగ్‌లో అమ్మకానికి పెట్టే సరుకు పెట్టకండి. పాత ఆఫ్‌సెట్ తీసేయండి, ప్రోగ్రామ్‌లో తగ్గించిన 15 డిగ్రీలు తిరిగి కలపండి. టెస్ట్ టైల్స్, పగిలినా పర్లేదనుకున్న గిన్నెలు సర్ది, మూడు షెల్ఫుల మీదా మూడేసి కోన్లు పెట్టండి. 1180 దాటాక మీరు కిల్న్ దగ్గరే ఉండాలి. చేతిలో వెల్డింగ్ అద్దం, పక్కన నోట్‌బుక్, డిస్‌ప్లే మీద అంకె ఎంత ఉన్నప్పుడు కోన్ 5 వంగడం మొదలైందో, కోన్ 6 కొస ఎప్పుడు నేలకు తగిలిందో రాసుకోండి. నా నోట్‌బుక్‌లో ఆ పేజీకి పైన సెన్సర్ బిగించిన తేదీ, తీగ మందం, కొస ఇటుక దాటి ఎన్ని సెంటీమీటర్లు లోపలికి వచ్చిందో కూడా ఉంటాయి. కేబుల్ ఏ రకమో కూడా ఇప్పుడు రాస్తున్నాను.